తొలి నిమిషపు వేగం: ప్రయోగశాల పాఠంగా ఎంజైమ్ గతిశాస్త్రం

ఒక శాస్త్రశాఖకు పునాది వేసిన ప్రయోగాన్ని మొదటి సంవత్సరం విద్యార్థి తన చేతులతో తిరిగి చేయగలగడం అరుదు. ఎంజైమ్ గతిశాస్త్రానికి ఆ భాగ్యం ఉంది. 1913లో బెర్లిన్‌లోని ఆమ్ ఉర్బాన్ ఆసుపత్రి ప్రయోగశాలలో లియొనోర్ మైకేలిస్, మాడ్ మెంటెన్ వాడిన సామగ్రి చాలా కొద్ది. ఈస్ట్ నుంచి తీసిన ఇన్వర్టేజ్ ఎంజైమ్, మామూలు చక్కెర, ఆమ్లతను నిలకడగా ఉంచే ఎసిటేట్ బఫర్, 25 డిగ్రీల వేడి దాటని నీటి తొట్టి, చర్యను ఆపడానికి సోడియం కార్బొనేట్, ఒక పోలారిమీటర్, ఒక గడియారం. పోలారిమీటర్ ఒక్కటి పక్కన పెడితే ఇవి ఏ డిగ్రీ కళాశాల కెమిస్ట్రీ ల్యాబ్‌కైనా అందేవే.

ఈ పాఠానికి ప్రాణం రెండు విషయాల్లో ఉంది. చర్య మొదలైన తొలి నిమిషాల వేగాన్ని స్వయంగా కొలవడం ఒకటి. ఎంజైమ్ ఏ పదార్థం మీద పనిచేస్తుందో ఆ సబ్‌స్ట్రేట్‌ను పెంచుకుంటూ పోతే వేగం ఒక హద్దు దగ్గర ఆగిపోవడం కళ్లారా చూడడం రెండోది. గత నూరేళ్లకు పైగా కాలంలో పని సులువు చేయడానికి వచ్చిన దాదాపు ప్రతి సాధనమూ ఈ రెంటిలో ఏదో ఒకదాన్ని విద్యార్థి కంటికి దూరం చేసింది. ఈ చరిత్రను నేను చదివినది ఆ కోణం నుంచే.

ఎంజైముల కథ వంటింట్లోనూ సారా బట్టీలోనూ మొదలైంది. 1831లో లాయక్స్ అనే జర్మన్, ఉమ్మి పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుందని గమనించాడు. 1833లో పాయెన్, పెర్సో అనే ఫ్రెంచి రసాయనజ్ఞులు మొలకెత్తిన బార్లీ రసంలో ఆల్కహాలు కలిపి, అడుగున దిగిన తెల్లటి పదార్థాన్ని వేరుచేసి దానికి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను 1818లో కనిపెట్టిన తెనార్ కూడా రక్తంలోని ఫైబ్రిన్ తగిలితే అది బుసబుసా పొంగి విచ్ఛిన్నమవడం చూశాడు. వీళ్లంతా 'ఏం జరుగుతుంది' అని అడిగినవారు. 'ఎంత వేగంగా' అన్న ప్రశ్న ఇంకా రాలేదు.

ఆ ప్రశ్నను రసాయనశాస్త్రంలోకి అంకెలతో తెచ్చినవాడు లుడ్విగ్ విల్హెల్మి. 1850లో ఆయన చక్కెర ద్రావణంలో ఆమ్లం కలిపి, అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోయే తీరును పోలారిమీటర్‌తో వెంటాడాడు. చక్కెర ద్రావణం ధ్రువణ కాంతిని కుడివైపు తిప్పుతుంది. విడిపోయాక ఏర్పడే మిశ్రమం ఎడమవైపు తిప్పుతుంది. ద్రావణాన్ని కదిలించకుండా, అందులోంచి చుక్క కూడా తీయకుండా, కోణం మారుతున్నకొద్దీ చర్య ఎంతవరకు నడిచిందో చదవవచ్చు. ఏ క్షణంలోనైనా వేగం అప్పటికి మిగిలిన చక్కెరకు అనులోమానుపాతంలో ఉంటుందని ఆయన తేల్చాడు. రసాయన గతిశాస్త్రానికి ఇదే జన్మపత్రం. అయినా కొన్ని దశాబ్దాలపాటు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. రసాయనజ్ఞుడు ఆస్ట్‌వాల్డ్ తరువాత దాన్ని వెలికి తెచ్చాడు.

ఎంజైముల వేగం మీద మొదట గట్టి ఆసక్తి చూపినవారు బీరు తయారీదార్లు. ఇది యాదృచ్ఛికం కాదు. మాల్టులోని డయాస్టేజ్, ఈస్ట్‌లోని ఇన్వర్టేజ్ ఎంత త్వరగా పనిచేస్తే వాళ్లకు అంత లాభం. ఇంగ్లండులో బర్టన్-ఆన్-ట్రెంట్ బీరు పరిశ్రమకు చెందిన ఓసలివాన్, టామ్సన్ 1890లో ఇన్వర్టేజ్ మీద పెద్ద వ్యాసం ప్రచురించారు. చక్కెర సమక్షంలో ఉన్న ఎంజైమ్, ఒంటరిగా ఉన్న ఎంజైమ్ కన్నా 25 డిగ్రీల ఎక్కువ వేడిని తట్టుకుంటుందని అందులో రాశారు. ఎంజైమ్, చక్కెర ఒకదాన్నొకటి పట్టుకుంటాయని చెప్పే తొలి సాక్ష్యాల్లో ఇదొకటి. బర్టన్‌లోనే బీరు రసాయనజ్ఞుడిగా పనిచేసి తరువాత బర్మింగ్‌హామ్‌లో ఆచార్యుడైన ఏడ్రియన్ బ్రౌన్ 1902లో మరో అడుగు వేశాడు. ఎంజైమ్ పరిమాణం మార్చకుండా చక్కెర గాఢత ఎంత పెంచినా, ఒక దశ దాటాక నిమిషానికి విడిపోయే చక్కెర పెరగడం లేదు. ఎంజైమ్, చక్కెర కలిసిన జోడీకి కొంత ఆయుష్షు ఉంటుందని, అది విడిపోయేదాకా ఆ ఎంజైమ్ మరో చక్కెర అణువును పట్టుకోలేదని ఆయన వివరించాడు. 1903లో పారిస్‌లో విక్టర్ ఆన్రి ఈ ఊహను సమీకరణంగా మార్చాడు.

ఆన్రి సమీకరణం సరైనదే. ప్రయోగమే గట్టిగా నిలబడలేదు. ఆయన ద్రావణపు ఆమ్లతను అదుపులో పెట్టలేదు. అప్పటికి ఆమ్లతకు వాడుకలో ఒక కొలబద్ద కూడా లేదు. దాన్ని 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ఇచ్చాడు. ఇవాళ పదో తరగతి పిల్లలు నేర్చుకునే పీహెచ్ స్కేలు ఎంజైముల మీద రాసిన ఒక వ్యాసంలో పుట్టింది! కార్ల్స్‌బర్గ్ కూడా బీరు కంపెనీయే.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. చక్కెర విడిపోయిన క్షణంలో బయటపడే గ్లూకోజ్ ఆల్ఫా రూపంలో ఉంటుంది. అది కాంతిని చాలా ఎక్కువగా, విశిష్ట భ్రమణంలో చెప్పాలంటే 112 డిగ్రీల వరకు, కుడికి తిప్పుతుంది. తరువాత మెల్లగా మరో రూపంతో సమతాస్థితికి చేరి 52.7 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అందువల్ల నడుస్తున్న ద్రావణంలోకి చూసే పోలారిమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. మైకేలిస్, మెంటెన్ దీనికి చక్కటి ఉపాయం పట్టారు. కొద్ది నిమిషాలకోసారి కొంత ద్రావణం తీసి సోడియం కార్బొనేట్‌లో కలిపారు. ఆ క్షారం ఎంజైమ్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. గ్లూకోజ్‌ను కూడా త్వరగా సమతాస్థితికి చేరుస్తుంది. ఆ తరువాత తీరిగ్గా కోణం చదవవచ్చు. ఒకే పదార్థం రెండు పనులూ చేసింది. ప్రయోగాన్ని ఆలోచించి కట్టడమంటే ఏమిటో విద్యార్థికి చూపాలనుకునే ఉపాధ్యాయుడు ఈ ఒక్క వివరం మీద గంట గడపవచ్చు.

ఇక వారి అసలు నిర్ణయం: ప్రతి గాఢత దగ్గర చర్య ఆరంభంలో ఉన్న వేగాన్ని మాత్రమే తీసుకోవాలి. చర్య ముందుకు పోయేకొద్దీ చక్కెర తగ్గుతుంది, పుట్టిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఎంజైమ్‌కు అడ్డుపడతాయి, ఒక్కోసారి ఎంజైమ్ కూడా బలహీనపడుతుంది. తొలి నిమిషాల్లో ఇవేవీ లెక్కకు రావు. ఆ వేగాలను బట్టి, గరిష్ఠ వేగంలో సగం వేగాన్ని ఇచ్చే చక్కెర గాఢత 0.0167 మోలార్ అని లెక్కకట్టారు. మనం మైకేలిస్ స్థిరాంకం అని పిలిచేది దీన్నే. మన పుస్తకాల్లో కనిపించే వంపు గీత ఆ వ్యాసంలోది కాదు. వాళ్లు వేగాన్ని గాఢత సంవర్గమానానికి ఎదురుగా గీశారు. 2011లో కెనెత్ జాన్సన్, రోజర్ గూడీ ఆ జర్మన్ వ్యాసాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, అందులోని పాత అంకెలను కంప్యూటర్‌లో మళ్లీ విశ్లేషిస్తే, కాగితం మీద చేసిన ఆ లెక్కలు నేటి పద్ధతులకు దీటుగా నిలిచాయి.

మెంటెన్ గురించి ఒక మాట. కెనడాలో పుట్టి, 1911లో టొరంటోలో వైద్యంలో పెద్ద పట్టా పొందిన ఈ మహిళ అట్లాంటిక్ దాటి బెర్లిన్ వెళ్లి ఈ పని చేశారు. తరువాత పిట్స్‌బర్గ్‌లో స్థిరపడ్డారు. 1944లో ఆమె, సహచరులు కలిసి మూత్రపిండ కణజాలంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను రంగుతో పట్టుకునే పద్ధతిని ప్రచురించారు. ఆ తరువాత డిగ్రీ ల్యాబుల్లో ఇన్వర్టేజ్ కన్నా ఎక్కువగా నిలదొక్కుకున్నది ఆల్కలైన్ ఫాస్ఫటేజే. సమీకరణంలో రెండో పేరుగా మాత్రమే పిల్లలకు పరిచయమయ్యే ఆమెను ల్యాబ్ మాన్యువళ్లు ఇంకొంచెం గౌరవించాలి.

పరిశోధన ఇంత దూరం వచ్చినా తరగతి గది చాలాకాలం ఉమ్మి దగ్గరే ఆగింది. కేంబ్రిడ్జిలో కోల్ రాసిన మాన్యువల్ 1904లోనూ, అమెరికాలో హాక్ రాసినది 1907లోనూ మొదట వెలువడ్డాయి. హాక్ పుస్తకం 1965 దాకా కొత్త ముద్రణలు పొందింది. భారతదేశంలోనూ వైద్య, జీవరసాయన విద్యార్థులు దాన్ని తిరగేశారు. ఆ పుస్తకాల నుంచి మన ఇంటర్ ప్రాక్టికల్స్ దాకా చెక్కుచెదరకుండా వచ్చిన ప్రయోగం ఒకటుంది: పిండి గంజిలో ఉమ్మి కలిపి, అర నిమిషానికోసారి ఒక చుక్క తీసి, పింగాణీ పలక మీది అయోడిన్ చుక్కలో వేయడం. మొదట నల్లటి నీలం, తరువాత ఊదా, తరువాత ఎరుపు గోధుమ, చివరికి అయోడిన్ రంగే మిగులుతుంది. 1908లో వోల్‌గెముట్ ఈ అయోడిన్ పరీక్షను ఎమిలేజ్ కొలతగా తీర్చిదిద్దాడు.

ఈ ప్రయోగం మీద నాకు ప్రేమే. ఖర్చు లేదు, రంగు మారడం ప్రతివారికీ కనిపిస్తుంది, వేడి, పీహెచ్ ప్రభావం చక్కగా తెలుస్తుంది. క్లోరైడ్ అయాన్ తీసేస్తే ఉమ్మి ఎమిలేజ్ మందగిస్తుందన్న విషయాన్ని కూడా ఉప్పు వేసి, వేయక చూపించవచ్చు. కానీ ఇందులో కొలిచేది రంగు పూర్తిగా పోవడానికి పట్టిన కాలం. అది చర్య చివరి దశకు చెందిన అంకె. తొలి వేగం ఇందులో ఎక్కడా లేదు. ఆ కాలాన్ని తలకిందులు చేసి వేగం అని రాస్తే పీహెచ్ గ్రాఫుకు సరిపోతుంది. సబ్‌స్ట్రేట్ గాఢత మారిస్తే మాత్రం లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఎక్కువ పిండి ఉన్న నాళికలో తరగవలసినదే ఎక్కువ. అక్కడ కాలం పెరిగితే ఎంజైమ్ మందగించిందని విద్యార్థి రాసేస్తాడు. రక్తం, ఉమ్మి వంటి వాటితో పనిలో జాగ్రత్తలు పెరిగాక చాలా కళాశాలలు మాల్టు, శిలీంధ్రాల ఎమిలేజ్‌కు మారాయి. ప్రశ్న మాత్రం మారలేదు.

దారి మార్చగల సాధనాలు 1920లలో వరసగా వచ్చాయి. అందులో రెండు జేమ్స్ సమ్నర్ చేతి మీదుగా వచ్చాయి. పదిహేడేళ్ల వయసులో వేటలో జరిగిన ప్రమాదంలో ఎడమ చేయి పోగొట్టుకున్న ఈయన, కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1917 నుంచి తొమ్మిదేళ్లు జాక్ బీన్ గింజలను పట్టుకు వదలలేదు. జాక్ బీన్ మన చమ్మకాయకు దగ్గరి చుట్టం. 1926లో ఆ గింజల పిండి నుంచి యూరియేజ్‌ను స్ఫటికాలుగా తీశాడు. ఎంజైమ్ అంటే ప్రోటీనే అని చూపిన ఆ పనికి 1946లో నోబెల్ వచ్చింది. అంతకు ముందే, 1921లో, మూత్రంలో చక్కెర కొలవడానికి డైనైట్రోసాలిసిలిక్ ఆమ్లాన్ని కారకంగా ప్రవేశపెట్టింది కూడా సమ్నరే. మన జీవరసాయన ల్యాబుల్లో డీఎన్ఎస్ అని పిలిచే ఆ పసుపు ద్రావణం చక్కెరతో మరిగిస్తే ఎర్రబారుతుంది. 540 నానోమీటర్ల దగ్గర చదివితే ఎంత చక్కెర పుట్టిందో అంకె వస్తుంది. మిల్లర్ 1959లో దాన్ని మెరుగుపరిచాడు. డీఎన్ఎస్ రాకతో ఎమిలేజ్, ఇన్వర్టేజ్ రెంటికీ పోలారిమీటర్ అవసరం తీరిపోయింది. అయోడిన్ పలక అడగలేని ప్రశ్నను ఇప్పుడు అడగవచ్చు: మొదటి మూడు నిమిషాల్లో ఎంత?

మూడో సాధనం మనవాడిది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫేట్‌ను రంగుతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపి, ఎమైనోనాఫ్థాల్‌సల్ఫానిక్ ఆమ్లంతో క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత గాఢమైతే ఫాస్ఫేట్ అంత. ఈ పద్ధతి సాయంతోనే వాళ్లు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. ఫాస్ఫేట్‌ను విడదీసే ఎంజైముల ప్రయోగాలకు కూడా ఇదే ఆధారమైంది. ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో చర్య ఆపి, పేరుకున్న ప్రోటీన్‌ను వడకట్టి, తేటలో ఫాస్ఫేట్ చూడడం. మన విశ్వవిద్యాలయాల జీవరసాయన విద్యార్థులు ఫిస్క్-సుబ్బారావు పేరును రికార్డులో తప్పక రాస్తారు. రాసేటప్పుడు ఆయన ఎవరో ఒక వాక్యం చెప్పే ఉపాధ్యాయులు ఉండాలని కోరుకుంటాను.

అదే 1925లో బ్రిగ్స్, హాల్డేన్ కేవలం రెండు పేజీల నోటులో మైకేలిస్ సమీకరణానికి కొత్త ఆధారం ఇచ్చారు. ఎంజైమ్, సబ్‌స్ట్రేట్ జోడీ సమతాస్థితిలో ఉందనుకోనక్కరలేదు, ఆ జోడీ ఎంత వేగంగా పుడుతోందో అంతే వేగంగా తరిగిపోతోందనుకుంటే చాలన్నారు. ఇవాళ పుస్తకాల్లో ఉన్న రుజువు ఇదే. జె.బి.ఎస్. హాల్డేన్ కథ మన నేల మీదే ముగిసింది. 1957లో భారతదేశానికి వచ్చి కలకత్తాలో, తరువాత భువనేశ్వర్‌లో పనిచేశాడు. పిఠాపురం నుంచి వెళ్లిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గర శిష్యరికం చేశారు. 1964 డిసెంబరు 1న హాల్డేన్ మరణించాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. చివరికీ ఒక బోధనశాలకే చేరాడు.

1934లో వచ్చిన లైన్‌వీవర్, బర్క్ వ్యాసం తరగతి గదిని అన్నిటికన్నా ఎక్కువగా మార్చింది. అమెరికా వ్యవసాయశాఖలో పనిచేసే ఈ ఇద్దరూ వేగాన్నీ గాఢతనూ తలకిందులు చేసి గ్రాఫు గీస్తే వంపు పోయి సరళరేఖ వస్తుందని చూపారు. ఆ ఆలోచన బార్నెట్ వుల్ఫ్‌కు ముందే తట్టినా, ప్రచారంలోకి తెచ్చింది వీళ్లే. వంపు గీతలో గరిష్ఠ వేగం ఎక్కడో అందనంత దూరంలో ఉంటుంది. సరళరేఖలో స్కేలు పెట్టి గీస్తే రెండు స్థిరాంకాలూ అక్షాల మీద దొరుకుతాయి. కంప్యూటర్లు లేని కాలంలో ఇది వరమే. దానికి ఇచ్చిన మూల్యం పెద్దది.

అంకెలతో చెబుతాను. ఒక ఎంజైమ్ గరిష్ఠ వేగం 100, మైకేలిస్ స్థిరాంకం 5 మిల్లీమోలార్ అనుకుందాం. సబ్‌స్ట్రేట్ 50 మిల్లీమోలార్ ఉంటే వేగం 90.9 రావాలి. విద్యార్థి చేతిలో 2 యూనిట్లు తగ్గి 88.9 వచ్చిందనుకోండి. తలకిందులు చేస్తే 0.0110 రావలసినచోట 0.01125 వస్తుంది. గ్రాఫు కాగితం మీద ఆ తేడా పెన్సిలు గీత మందంలో కలిసిపోతుంది. ఇప్పుడు సబ్‌స్ట్రేట్ 0.5 మిల్లీమోలార్. వేగం 9.1 రావాలి. అదే 2 యూనిట్ల తప్పుతో 7.1 వచ్చింది. తలకిందులు చేస్తే 0.110 ఉండవలసినచోట 0.141. తప్పు నూరు రెట్లకు పైగా పెరిగింది. పైగా ఈ బిందువు గ్రాఫులో కుడి చివర దూరంగా ఉంటుంది కాబట్టి, గీత మొత్తాన్నీ అదే తనవైపు తిప్పుకుంటుంది. అన్నిటికన్నా తక్కువ నమ్మదగిన కొలతకు అన్నిటికన్నా ఎక్కువ పెత్తనం ఇచ్చినట్టు.

లైన్‌వీవర్, బర్క్‌లకు ఇది తెలియక కాదు. గణాంకశాస్త్రవేత్త డెమింగ్‌తో కలిసి బిందువులకు తగిన భారాలు ఇవ్వడం గురించి అదే ఏడాది రాశారు. తరగతి గది వాళ్ల గీతను తీసుకుని ఆ జాగ్రత్తను వదిలేసింది. 1942లో ఈడీ, 1952లో హాఫ్‌స్టీ వేరే గ్రాఫులు చూపారు. 1961లో విల్కిన్‌సన్ గణాంక పద్ధతిని వివరించాడు. 1974లో ఐజెంతాల్, కార్నిష్-బౌడెన్ లెక్కలతో పని లేకుండా నేరుగా గీతలు గీసి స్థిరాంకాలు చదివే ఉపాయం చెప్పారు. అయినా మన పరీక్షల్లో ఇప్పటికీ సరళరేఖే అడుగుతారు. వంపు గీతను విద్యార్థి ఒక్కసారైనా గీయకుండా నేరుగా సరళరేఖకు పోతే, సంతృప్తి, అంటే వేగం హద్దు దగ్గర ఆగిపోవడం, ఆ రేఖలో ఎక్కడుందో అతను చూపలేడు. ఈ విషయంలో నేను రాజీపడను: ముందు కాలం గ్రాఫు, తరువాత వంపు గీత, ఆఖరున మాత్రమే సరళరేఖ.

పరికరాల మాట త్వరగా చెప్పవచ్చు. డుబోస్క్ కలరీమీటర్‌లో రెండు రంగులను కంటితో పోల్చే రోజులు పోయి, 1941లో బెక్‌మన్ స్పెక్ట్రోఫోటోమీటర్, 1953లో బాష్ అండ్ లాంబ్ వారి స్పెక్ట్రానిక్ 20 వచ్చాయి. రెండోది పరీక్షనాళికనే నేరుగా లోపల పెట్టే దృఢమైన పెట్టె. అమెరికా కళాశాలల్లో రెండు మూడు తరాల విద్యార్థులు దాని ముల్లు చూస్తూ పెరిగారు. దానికి సరిజోడైన సబ్‌స్ట్రేట్‌ను బెస్సీ, లౌరీ, బ్రాక్ 1946లోనే చూపించి ఉంచారు. పారానైట్రోఫినైల్ ఫాస్ఫేట్‌కు రంగు లేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దాన్ని విడదీస్తే క్షార ద్రావణంలో పసుపు వస్తుంది. నాళికను పరికరంలోనే ఉంచి, పదిహేను సెకన్లకోసారి అంకె చదివితే తొలి వేగం కళ్లముందే గీతగా పెరుగుతుంది. ఆపడం, మరిగించడం, వడకట్టడం ఏవీ లేవు. ఈ ఒక్క విషయంలో పరికరం విద్యార్థికి దూరం చేసింది ఏమీ లేదు, దగ్గర చేసిందే.

రసాయనశాస్త్రం మొదటి సంవత్సరం సిలబస్ ఎంజైములకు ఎప్పుడూ పెద్దపీట వేయలేదు. గతిశాస్త్రం అంటే అక్కడ లాండోల్ట్ 1886లో చూపిన అయోడిన్ గడియారం, లేదా సోడియం థయోసల్ఫేట్‌లో ఆమ్లం పోసి, కాగితం మీది గుర్తు మరుగయ్యేదాకా లెక్కపెట్టడం. 1957లో స్పుత్నిక్ ఎగిరాక అమెరికాలో జీవశాస్త్రానికి బీఎస్‌సీఎస్, రసాయనానికి కెమ్ స్టడీ పథకాలు, 1962 నుంచి ఇంగ్లండులో నఫీల్డ్ పథకం ప్రయోగాన్ని పాఠం నడిబొడ్డుకు తెచ్చాయి. అయినా ఎంజైమ్ ఎక్కువగా జీవశాస్త్రం వాటాకే పోయింది. అక్కడ దాని పేరు కాటలేజ్ అయింది.

కాటలేజ్ ఎందుకు నచ్చిందో తెలుసుకోవడం తేలిక. బంగాళాదుంప, కాలేయం, ఈస్ట్ ఏదైనా చాలు. మందుల షాపులో దొరికే పెరాక్సైడ్ చాలు. బుడగలు వస్తాయి. కాటలేజ్‌లో ముంచిన వడపోత కాగితపు చిన్న బిళ్ల పెరాక్సైడ్ అడుగు నుంచి పైకి తేలే కాలాన్ని కొలవవచ్చు, లేదా మిగిలిన పెరాక్సైడ్‌ను పొటాషియం పర్మాంగనేట్‌తో అంశమాపనం చేయవచ్చు. అమెరికా హైస్కూళ్ల అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) బయాలజీ 2001 మాన్యువల్ ఈ రెండో పద్ధతినే పెట్టింది. కానీ మైకేలిస్ స్థిరాంకం నేర్పడానికి కాటలేజ్ సరైన ఎంపిక కాదు. సాధారణ గాఢతల్లో అది స్పష్టంగా సంతృప్తి చెందదు. గాఢత బాగా పెంచితే పెరాక్సైడే ఎంజైమ్‌ను చంపడం మొదలుపెడుతుంది. విద్యార్థి గ్రాఫులో వేగం ఒక దశలో పెరగడం ఆగితే, అది సంతృప్తో, నాశనమో అతనికి తెలియదు, చాలాసార్లు చెప్పేవారికీ తెలియదు. తరగతి గదుల్లో ఇంత విరివిగా వాడే ఎంజైమ్ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. 2012లో వచ్చిన కొత్త ఏపీ మాన్యువల్ టర్నిప్ దుంపలోని పెరాక్సిడేజ్‌కు, గోధుమ రంగునిచ్చే గ్వాయకాల్‌కు మారింది. అది మేలైన మార్పు.

మనదగ్గర 1971లో వచ్చిన ప్లమ్మర్ పుస్తకం, 1981లో మదురై నుంచి జయరామన్ రాసిన ల్యాబ్ మాన్యువల్ జీవరసాయన ప్రయోగాలకు దిక్సూచులయ్యాయి. జయరామన్ పుస్తకం విలువ ఏమిటంటే, మన మార్కెట్లో దొరికే గింజలతో, మన దగ్గర ఉండే పరికరాలతో చేయదగిన ప్రయోగాలను నమ్మకంగా రాయడం. మొలకెత్తిన పెసలలో ఎమిలేజ్, ఉలవల్లో, కందుల్లో, పుచ్చగింజల్లో యూరియేజ్ ఉన్నాయి. ఈ గింజలు ఏ ఊరి కిరాణా కొట్టులోనైనా ఉంటాయి. కొరత ఉన్నది సమయంలో. మూడు గంటల ప్రాక్టికల్ పీరియడ్‌లో నలభై మంది, రెండు కలరీమీటర్లు ఉంటే, ఒక్కో విద్యార్థి ఎనిమిది గాఢతల దగ్గర తొలి వేగం కొలవడం కుదరదు. అందుకే ఒక్కో నాళికలో పది నిమిషాల తరువాత ఒకే ఒక్క అంకె తీసుకుని, దాన్ని పదితో భాగించి వేగం అని రాసే అలవాటు పాతుకుపోయింది. ఆ పది నిమిషాల్లో తక్కువ సబ్‌స్ట్రేట్ ఉన్న నాళికలో సగం ఖర్చయిపోయి ఉండవచ్చు. అప్పుడు అది తొలి వేగం కాదు, సగటు వేగం. సీనియర్ల రికార్డులోని అంకెలే మళ్లీ మళ్లీ కనిపించడానికి విద్యార్థుల నిజాయితీ లోపం కన్నా ఈ ఇరుకే ఎక్కువ కారణం.

ఇటీవలి ఏళ్లలో రెండు మార్పులు ఆశ కలిగిస్తున్నాయి. స్ప్రెడ్‌షీట్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ వంపు గీతకే నేరుగా సమీకరణం సరిపెట్టవచ్చు కాబట్టి, సరళరేఖ కోసం వంపును దాచనక్కరలేదు. 2020లో కరోనా కళాశాలలను మూయించినప్పుడు చాలాచోట్ల ఉపాధ్యాయులు ప్రయోగాన్ని వంటింటికి పంపారు. ఫోను కెమెరాతో రంగును ఫొటో తీసి, ఆ రంగు అంకెను కొలతగా వాడే పద్ధతి అప్పుడు బాగా ప్రచారమైంది. ఫోను కెమెరా వెలుతురుకు తగ్గట్టు రంగును తనంతట తాను సరిచేస్తుంది కాబట్టి, తెలిసిన గాఢతల వరసను కూడా పక్కనే పెట్టి అదే ఫొటోలో తీయాలి. పరికరాలు లేనివారికి మరో మార్గం, పుల్లలు విరిచే ఆట. ఒక విద్యార్థి ఎంజైమ్, బల్ల మీది పుల్లలు సబ్‌స్ట్రేట్. పది సెకన్లకు ఎన్ని విరిచాడో లెక్కపెడతారు. పుల్లలు చిక్కగా ఉన్నా చేతులు రెండే కాబట్టి లెక్క ఒకచోట ఆగుతుంది. సంతృప్తి అర్థం కావడానికి ఇది బాగుంటుంది. రసాయనం స్థానంలో మాత్రం కాదు.

మన కళాశాలలకు నేను సూచించేది ఉలవల యూరియేజ్. రాత్రి నానబెట్టిన ఉలవలను చల్లటి నీటితో రుబ్బి, గుడ్డతో వడకట్టి, ఆ తేటను మంచులో ఉంచితే ఎంజైమ్ సిద్ధం. యూరియా ఎరువుగా రైతు ఇంట్లోనే ఉంటుంది. కొలత కోసం మాత్రం ల్యాబ్ రసాయనం వాడాలి. విడుదలైన అమ్మోనియాను పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అంశమాపనం చేయవచ్చు. పాదరసం ఉన్న నెస్లర్ కారకం అక్కరలేదు. ఒక్కొక్క జంటకు ఒకే గాఢత ఇవ్వాలి. ఆ జంట ఒకటి, రెండు, మూడు, ఐదు నిమిషాల దగ్గర కొలిచి, కాలం గ్రాఫు గీసి, మొదటి భాగపు వాలు మాత్రమే బోర్డు మీద రాయాలి. అందరి వాలులూ కలిపితే వంపు గీత తరగతి మొత్తానిదవుతుంది. ఒకే గాఢతను ఇద్దరికి ఇస్తే, వాళ్ల అంకెల తేడాయే ప్రయోగ దోషానికి పాఠం.

యూరియేజ్‌ను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఫ్లోరైడ్ దానికి నిరోధకం. 1937లోనే నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు నమోదు చేశారు. నల్లగొండ పేరు ఆ వ్యాధితో ముడిపడి దశాబ్దాలైంది. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పరిమితి అంటే సుమారు 0.08 మిల్లీమోలార్. సోడియం ఫ్లోరైడ్ విషం కాబట్టి పలుచటి ద్రావణాన్ని ఉపాధ్యాయుడే తయారుచేసి ఇవ్వాలి. అదే ఐదు యూరియా గాఢతలతో రెండు వరసల నాళికలు, ఒక వరసలో ఫ్లోరైడ్, మరో వరసలో మామూలు నీరు. 0.08 దగ్గర వేగం తగ్గడం కనిపిస్తుందా, లేక ఇంకా ఎక్కువ కావాలా? యూరియా పెంచితే తగ్గిన వేగం తిరిగి వస్తుందా? పీహెచ్ మారిస్తే జవాబు మారుతుందా? ఊరి బోరునీరు తెచ్చి కూడా ఈ వరసలో పెట్టవచ్చు, అయితే అందులో ఉండే మిగిలిన లవణాల ప్రభావాన్ని వేరుచేయడానికి మూడో వరస అవసరమవుతుంది.